ఐటీ సెల్ చార్జ్ తీసుకున్నారా? జిల్లా పోలీసు కార్యాలయంలో కంప్యూటర్లు, లాగిన్లు, డేటా కాపాడుకునే పద్ధతి

"ఎస్పీ గారు ఐటీ సెల్ చూసుకోమన్నారు. ముందు ఏం చేయాలి?" ఎస్ఐలు, కమ్యూనికేషన్ విభాగం వాళ్లు, ఒకరిద్దరు జూనియర్ అసిస్టెంట్లు నన్ను ఈ మాట అడుగుతూనే ఉన్నారు. ఈ పని అప్పగించేటప్పుడు చాలాచోట్ల చూసే అర్హత ఒకటే: ఎక్సెల్ బాగా వస్తుందా, లేదా!

అందుకే ఇది నెట్‌వర్క్ ఇంజినీర్ల కోసం రాయలేదు. ఒక జిల్లా కార్యాలయం, దాని కింద 30, 40 స్టేషన్లు, రెండు మూడు వందల కంప్యూటర్లు, ఐదారుగురు ఐటీ కోర్ టీమ్ కానిస్టేబుళ్లు ఉన్నారనుకుని రాశాను. కమిషనరేట్ అయినా, జైళ్ల శాఖ అయినా వరస ఇదే.

ఫైర్‌వాల్ కొనడంతో మాత్రం మొదలుపెట్టకండి. బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాల గది) నుంచి ఒక్క తుపాకీ బయటికి వెళ్లినా నంబరు, తీసుకున్నవాడి పేరు, సంతకం, టైము రిజిస్టర్లో పడతాయి. సాయంత్రానికి లెక్క తేలకపోతే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. అదే పద్ధతిని లాగిన్లకూ, హార్డ్ డిస్కులకూ పెట్టగలిగితే మీ పనిలో ముప్పావు వంతు అయిపోయినట్టే.

1. మొదటి వారం: తిరిగి చూసి లెక్క రాయండి

ఏమేం ఉన్నాయో వాట్సాప్‌లో అడగకండి. అడిగితే పోయిన ఏడాది పంపిన జాబితానే తేదీ మార్చి పంపుతారు. ఒక కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని రోజుకి ఐదారు స్టేషన్లు తిరగండి. ప్రతి వస్తువునూ కంటితో చూసి రాసుకోండి.

ఒక్కో వస్తువుకి రాయాల్సినవి:

☐ సీరియల్ నంబరు, ఉన్న గది, వాడేవారి పేరు
☐ విండోస్ వెర్షన్, ఆఖరిసారి అప్‌డేట్ అయిన తేదీ
☐ ఏ నెట్‌వర్క్‌కి తగిలించి ఉంది (స్టేషన్ల నేర రికార్డులను కలిపే సీసీటీఎన్ఎస్ లైనా, మామూలు ఇంటర్నెట్టా, దేనికీ కాదా)
☐ దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది
☐ వారంటీ లేదా ఏఎంసీ (ఏడాది మరమ్మతుల ఒప్పందం) ఎప్పటివరకు

కంప్యూటర్లు ఎవరైనా లెక్కపెడతారు. తప్పిపోయేవి వేరే ఉంటాయి: సీసీ కెమెరాల డీవీఆర్ (ఫుటేజీ రికార్డయ్యే పెట్టె), వేలిముద్ర హాజరు మిషన్, నెట్‌వర్క్ ప్రింటర్, ఎవరో సొంత డబ్బుతో కొని బల్ల కింద పెట్టిన వైఫై రూటర్, బీరువాలో పడేసిన పాత హార్డ్ డిస్కులు. వీటితోపాటు కంటికి కనపడనివి కూడా రాసుకోవాలి. ఎవరి సొంత జీమెయిల్‌లో రౌడీషీటర్ల గూగుల్ షీట్ ఉంది? ఏ వాట్సాప్ గ్రూపులో కేసు డైరీల ఫొటోలు తిరుగుతున్నాయి? ఈ రెండో జాబితాలో నిజాలు రావాలంటే ముందుగా ఒక మాట ఇవ్వండి: "ఇప్పుడు చెప్పినదానికి మెమో ఉండదు."

2. సమాచారాన్ని మూడు కుప్పలు చేయండి

కేంద్ర ప్రభుత్వ వర్గీకరణలో టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్, రెస్ట్రిక్టెడ్ అని నాలుగు మెట్లున్నాయి. ఫైళ్ల మీద ముద్రలు అలాగే ఉంచండి. కంప్యూటర్ల విషయానికొస్తే మాత్రం మూడు రంగుల స్టిక్కర్లు చాలు. కానిస్టేబుల్‌కి ఒక్క చూపులో అర్థం కావాలి.

ఎరుపు: ఇన్‌ఫార్మర్ల వివరాలు, స్పెషల్ బ్రాంచ్ నివేదికలు, వీఐపీ భద్రతా ప్రణాళికలు. ఈ కంప్యూటర్‌కి నెట్ ఉండదు, వైఫై ఉండదు. పెన్‌డ్రైవ్ పెట్టాలంటే రిజిస్టర్లో సంతకం చేయాలి. ప్రింటర్ కూడా దానికి వేరేగా ఉండాలి.

పసుపు: ఎఫ్ఐఆర్‌లు, కేసు డైరీలు, సీడీఆర్‌లు (ఫోన్ కాల్స్ వివరాలు), పాస్‌పోర్ట్ విచారణలు. ఇవి శాఖ నెట్‌వర్క్‌లోనే ఉండాలి. లైంగిక నేరాల బాధితుల పేర్లు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. కాబట్టి ఒక్క ఎఫ్ఐఆర్ పొరపాటున గ్రూపులో పడినా అది మామూలు తప్పు కాదు.

ఆకుపచ్చ: ప్రెస్ నోట్లు, ట్రాఫిక్ సూచనలు, సోషల్ మీడియా పని. మామూలు ఇంటర్నెట్ వీటికే.

తరచూ జరిగే తప్పు: ఎరుపు కంప్యూటర్లో టైప్ చేసిన నోట్‌ని ఫోన్‌తో ఫొటో తీసి సారుకి వాట్సాప్ చేయడం. నెట్ తీసేసి కూడా ఫలితం ఉండదు. "అర్జెంట్" అన్నమాటే దీనికి కారణం గనక, అర్జెంట్ అయినప్పుడు ఏ దారిలో పంపాలో ముందే ఎస్పీ గారి చేత రాతపూర్వకంగా ఖాయం చేయించుకోండి. కాగితం మీద తీసి, కవరు సీలు చేసి, మనిషితో పంపడం ఇప్పటికీ పనికొచ్చే పద్ధతే.

3. లాగిన్లు, బదిలీలు: అసలు కన్నం ఇక్కడే

నేను చూసినంతలో పోలీసు కార్యాలయంలోకి దారి చేసుకోవడానికి పెద్ద హ్యాకర్ అక్కర్లేదు. రెండేళ్ల క్రితం బదిలీ అయిపోయిన రైటర్ (స్టేషన్ రికార్డులు రాసే కానిస్టేబుల్) లాగిన్ ఇంకా తెరుచుకుంటుంటే చాలు.

3.1 ఒక లాగిన్, ఒక మనిషి

స్టేషన్లో ఎస్‌హెచ్‌వో (స్టేషన్ ఇన్‌చార్జ్ అధికారి) లాగిన్ రైటర్ దగ్గరే ఉంటుంది. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఇది భద్రతకే కాదు, కేసుకే ముప్పు. ఎస్‌హెచ్‌వో వేరే జిల్లాలో బందోబస్తులో ఉన్న రోజు ఆయన లాగిన్‌తో స్టేషన్ కంప్యూటర్లో ఎంట్రీ పడిందనుకోండి. డిఫెన్స్ లాయరు ఆ ఒక్కటి పట్టుకుంటే చాలు, మిగతా రికార్డంతా అనుమానంలో పడుతుంది.

సవరణ: రైటర్‌కి టైప్ చేసే హక్కుతో సొంత లాగిన్ ఇప్పించండి. ఆమోదం మాత్రం ఎస్‌హెచ్‌వో తన లాగిన్‌తో, ఓటీపీతో తానే ఇవ్వాలి. ఆయన సెలవులో ఉంటే ఇన్‌చార్జ్ ఎవరో ఆ మనిషి పేరు మీదే తాత్కాలిక హక్కు ఇప్పించాలి. మొదటి నెల అందరూ విసుక్కుంటారు. పట్టించుకోకండి.

3.2 పాస్‌వర్డ్‌లు

స్టేషన్ పేరు, పక్కన ఒకటి రెండు మూడు. మీ జిల్లాలో సగం పాస్‌వర్డ్‌లు ఇలాగే ఉంటాయి, పందెం. నెలనెలా మార్చమంటే చివరి అంకె ఒక్కటే మారుతుంది. అందుకని సంబంధంలేని నాలుగు మాటలు కలిపిన పొడవాటి పాస్‌వర్డ్ పెట్టించండి, ఓటీపీ వంటి రెండో తాళం ఎక్కడెక్కడ వీలైతే అక్కడల్లా తప్పనిసరి చేయండి. శాఖ పాలసీలో మార్చాల్సిన గడువు ఉంటే దాన్ని పాటించండి. మానిటర్‌కి అంటించిన చీటీలు మాత్రం వెళ్లినప్పుడల్లా పీకేయండి.

3.3 బదిలీ రోజు చేయాల్సినవి

ఎన్నికల ముందు, సాధారణ బదిలీలప్పుడు ఒక్క రాత్రిలో వందమంది కదులుతారు. అప్పుడు ఒక్కొక్కరి లాగిన్ వెతికి మూయడం మీ వల్ల కాదు. దానికి మీరు పరిగెత్తే పని లేకుండా కట్టుబాటు పెట్టాలి. ఉద్యోగి బదిలీ అయితే లాస్ట్ పే సర్టిఫికెట్ లేనిదే కొత్తచోట జీతం రాదు. ఆ సర్టిఫికెట్ ఇచ్చే ముందు "ఐటీ సెల్ నో డ్యూస్" కావాలని ఎస్పీ గారి చేత సర్క్యులర్ వేయించండి. ఇక మీరు ఎవరి వెంటా పడక్కర్లేదు, వాళ్లే మీ గుమ్మం ముందుకొస్తారు.

నో డ్యూస్ మీద సంతకం పెట్టేముందు:

☐ సీసీటీఎన్ఎస్, ఈ-ఆఫీస్, శాఖ యాప్‌లు అన్నింటిలో పాత స్టేషన్ హక్కులు తీసేశాం
☐ ట్యాబ్, సిమ్, డాంగిల్, డిజిటల్ సంతకం టోకెన్ వెనక్కి తీసుకున్నాం
☐ స్టేషన్ అధికారిక సోషల్ మీడియా ఖాతాల రికవరీ ఫోన్ నంబరు మార్చాం
☐ వాట్సాప్ గ్రూపుల నుంచి తీసేశాం, అడ్మిన్ హక్కు కొత్తవారికి ఇచ్చాం
☐ సొంత ఫోన్‌లో, పెన్‌డ్రైవ్‌లో కేసు ఫైళ్లు లేవని రాసి ఇచ్చారు

మూడోది చాలామంది మరిచిపోతారు. నేను చూసిన ఒక చోట అధికారిక ఫేస్‌బుక్ పేజీ పాస్‌వర్డ్ పోతే, రికవరీ కోడ్ ఎప్పుడో రిటైరైన హెడ్ కానిస్టేబుల్ పాత నంబరుకి వెళ్లేది. ఆ నంబరు అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారు. పేజీ తిరిగి మా చేతికి రావడానికి పట్టిన రోజులు లెక్కపెట్టడం మానేశాం.

ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్లకు, హోంగార్డులకు ఈ సర్టిఫికెట్ పద్ధతి వర్తించదు. వాళ్ల లాగిన్లకు మూడు నెలల గడువు పెట్టండి. గడువు తీరితే అదే మూసుకుపోవాలి, కావాలంటే మళ్లీ అడగాలి.

4. నెట్‌వర్క్‌ని గదులుగా విడదీయండి

సీసీటీఎన్ఎస్ కంప్యూటర్, సీసీ కెమెరాలు, వచ్చిపోయేవాళ్లు వాడే వైఫై ఒకే స్విచ్‌లో ఉంటే ఒకచోట అంటుకున్న నిప్పు అన్నిచోట్లకీ పాకుతుంది. విడదీసే వరస:

ముందు కెమెరాలను వేరే లైన్‌కి మార్చండి. డీవీఆర్‌తో వచ్చిన మొదటి పాస్‌వర్డ్ మార్చండి. బయటి నుంచి ఫోన్‌లో చూసుకోవడానికి ఇన్‌స్టాల్ చేసినవాడు రూటర్లో దారి తెరిచి ఉంటాడు, అది మూయండి. అధికారులు బయటినుంచి చూడాలంటే శాఖ వీపీఎన్ ద్వారానే చూడాలి.

తర్వాత బల్ల కింది రూటర్లు తీసేయండి. ఊరికే తీస్తే వారంలో ఇంకొకటి వస్తుంది. సిగ్నల్ సరిగా లేకే వాళ్లు కొన్నారు కదా, ఆ గదికి శాఖ లైన్ ఇప్పించాకే తీయండి.

ఒకే కంప్యూటర్‌కి సీసీటీఎన్ఎస్ వైరూ, ఫోన్ హాట్‌స్పాటూ రెండూ తగిలించడాన్ని మాత్రం ఒక్కరోజు కూడా సహించొద్దు. మీరు కట్టిన గోడకి వాళ్లు వేసే నిచ్చెన అదే.

5. అప్‌డేట్‌లు

2017 మే 12న వానాక్రై రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు లాక్ అయ్యాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14న ఇచ్చింది. అంటే రెండు నెలల సమయం ఉంది. ప్యాచ్ వేసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు.

పద్ధతి సింపుల్. అప్‌డేట్ వచ్చాక ముందు ఐటీ సెల్‌లో ఒక మిషన్, ఒక చిన్న స్టేషన్‌లో ఒక మిషన్ మీద వేసి రెండు మూడు రోజులు చూడండి. ప్రింటింగ్, తెలుగు ఫాంట్లు, సీసీటీఎన్ఎస్ సరిగ్గా ఉంటే మిగతావాటికి వేయండి. గణేశ్ నిమజ్జనం, ఎన్నికల ముందు రోజుల్లో పెట్టుకోకండి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. కొత్త కంప్యూటర్లకు బడ్జెట్ వచ్చేదాకా అలాంటి మిషన్లను నెట్ నుంచి తప్పించి, టైపింగ్ వంటి పనులకు దించండి. జాబితా మాత్రం ఇప్పుడే ఎస్పీ గారి టేబుల్ మీద పెట్టండి, ఫైలు కదలడానికి ఎంత కాలం పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

6. బ్యాకప్

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ పడింది. ఆ తర్వాత దాదాపు రెండు వారాలు ఓపీ చీటీలు చేత్తో రాసుకున్నారు. మీ కంట్రోల్ రూమ్‌కి అదే జరిగితే ఎన్ని గంటలు తట్టుకోగలరో ఒక కాగితం మీద రాసుకోండి. బ్యాకప్ ఎంత తరచుగా కావాలో ఆ అంకె చెబుతుంది.

సీసీటీఎన్ఎస్ డేటా రాష్ట్ర స్థాయిలో ఉంటుంది గనక మీ తలనొప్పి అది కాదు. జిల్లాలో మాత్రమే ఉండేవి మీ బాధ్యత: డీసీఆర్‌బీ (జిల్లా నేర రికార్డుల విభాగం) ఫైళ్లు, స్పెషల్ బ్రాంచ్ రికార్డులు, కెమెరా ఫుటేజీ, జీతాలు, సర్వీసు వివరాలు.

☐ మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే భవనంలో
☐ కనీసం ఒక కాపీ వైరు పీకి బీరువాలో ఉండాలి
☐ బీరువా తాళం ఇద్దరి దగ్గర
☐ నెలకోసారి ఏదో ఒక ఫోల్డర్ తీసి, తెరిచి చూసి, తేదీతో సంతకం

చివరిదే అందరూ ఎగ్గొట్టేది. రోజూ బ్యాకప్ అవుతోందని రిజిస్టర్లో టిక్కులు పడుతుంటాయి. డిస్క్ నిండిపోయి ఆరు నెలలైందని అవసరం పడిన రోజు తెలుస్తుంది.

పోలీస్ స్టేషన్ల కెమెరా ఫుటేజీ సంగతి వేరు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 18 నెలలు నిల్వ ఉంచమంది. అంత సామర్థ్యం ఉన్న పరికరాలు దొరకకపోయినా ఏడాదికి తగ్గకూడదంది. మీ డీవీఆర్ ఎన్ని రోజుల తర్వాత పాతది చెరిపేస్తోందో ఇవాళే చూడండి.

7. గడియారం, లాగ్‌లు

సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు ప్రభుత్వ సంస్థలకు కూడా వర్తిస్తాయి. వాటి ప్రకారం లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్ రాసుకునే చిట్టా) 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. అన్ని కంప్యూటర్ల గడియారాలనూ ఎన్ఐసీ (ప్రభుత్వ కంప్యూటర్ సేవల కేంద్ర సంస్థ) లేదా నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ టైమ్ సర్వర్లతో కలపాలి.

గడియారాన్ని తేలిగ్గా తీసుకోకండి. డీవీఆర్ 11 నిమిషాలు వెనక ఉంటే, నిందితుడు గేటు దాటిన టైముకీ అతని సీడీఆర్‌కీ పొంతన కుదరదు. టైము తప్పు ఉన్న ఫుటేజీ ఇవ్వాల్సివస్తే గడియారం సవరించకుండా, అసలు టైముకీ దానికీ తేడా ఎంతో పంచనామాలోనే రాయించండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో పరికరం బాధ్యుడు నింపే భాగం ఒకటి, నిపుణుడు నింపే భాగం ఒకటి ఉంటాయి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. ఆ బాధ్యుడి చోట రేపు మీ పేరే ఉండొచ్చు.

8. మనుషులు: రోల్‌కాల్‌లో ఐదు నిమిషాలు

ఏడాదికోసారి ప్రొజెక్టర్ పెట్టి ఇచ్చే క్లాసులో వెనక వరుస నిద్రపోతుంది. పొద్దున రోల్‌కాల్‌లో వారానికి ఒక్క విషయం చెప్పండి: ట్రాఫిక్ చలాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి), ఎస్పీ గారి ఫొటో డీపీగా పెట్టుకుని "మీటింగ్‌లో ఉన్నా, అర్జెంటుగా డబ్బు పంపు" అనే మెసేజ్‌లు, స్టేషన్ ఆవరణలో దొరికిన పెన్‌డ్రైవ్. జనానికి సైబర్ మోసమైతే 1930కి ఫోన్ చేయమని చెప్పే మనవాళ్లే ఏపీకే నొక్కేసి, పరువు పోతుందని మూసిపెట్టుకున్న సంగతులు నాకు తెలుసు.

అందుకే మెమోల విషయంలో గట్టిగా నిలబడండి. నొక్కిన పది నిమిషాల్లో ఫోన్ చేసి చెప్పినవాడికి మెమో ఇవ్వకూడదు. దాచినవాడికే ఇవ్వాలి. ఎస్పీ గారు ఈ మాట సెట్ కాన్ఫరెన్స్‌లో (వైర్‌లెస్ సెట్‌లో అందరితో మాట్లాడేటప్పుడు) ఒక్కసారి అంటే మీరు పెట్టే పది క్లాసుల పెట్టు.

9. వెండర్లు, యాప్‌లు

2024లో తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్ డేటా బయటికి పోయిన కేసులో పోలీసులు అరెస్టు చేసింది చదువుకుంటున్న 20 ఏళ్ల కుర్రాణ్ణి. కన్నం వెతకడానికి పెద్ద ముఠాలే రానక్కర్లేదు. యాప్ ఏదైనా పెట్టేముందు:

☐ సెర్ట్-ఇన్ గుర్తింపున్న ఆడిటర్ రిపోర్టు ఉందా, అందులో చెప్పిన లోపాలు సరిచేశారా
☐ పాస్‌వర్డ్‌లు కోడ్‌లోనే రాసిపెట్టలేదని ఆడిటర్ చూశారా
☐ సర్వర్ ఎక్కడుంది, డేటా ఎవరిదని ఒప్పందంలో ఉందా
☐ ఏదైనా జరిగితే వెండర్ మనకి ఎన్ని గంటల్లో చెప్పాలో రాశారా
☐ యాప్ ఆపేశాక పాత డేటా, పాత సర్వర్ ఎవరు చెరపాలి

ఏఎంసీ కుర్రాడు రిపేరుకని సీపీయూ బండి మీద పెట్టుకుని వెళ్లిపోతుంటాడు. హార్డ్ డిస్క్ విప్పి మీ దగ్గర పెట్టుకున్నాకే పంపండి. పాడైన డిస్కులు వారంటీలో తిరిగి ఇవ్వాల్సిన పని లేకుండా కొనేటప్పుడే షరతు పెట్టండి. వేలానికి వెళ్లే వాటి డిస్కులు మీ ఎదుటే ముక్కలు చేయించి, రిజిస్టర్లో ఇద్దరి సంతకాలు తీసుకోండి.

10. దాడి జరిగితే: మొదటి ఆరు గంటలు

గుర్తించిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కి చెప్పాలన్నది నిబంధన. రాన్సమ్‌వేర్, డేటా లీకే కాదు, సోషల్ మీడియా ఖాతాలోకి వేరేవాళ్లు దూరినా ఆ జాబితాలో ఉంది.

మొదటి 15 నిమిషాలు: నెట్ వైరు పీకండి, వైఫై ఆపండి. కంప్యూటర్ ఆఫ్ చేయకండి, మెమరీలోని ఆనవాళ్లు పోతాయి. స్క్రీన్‌ని ఫొటో తీయండి. ఎవరు, ఎన్ని గంటలకు చూశారో జీడీలో (స్టేషన్ జనరల్ డైరీ) రాయించండి.

గంటలోపు: పక్క కంప్యూటర్లనూ విడదీయండి. బ్యాకప్ డిస్క్ ఏదైనా తగిలించి ఉంటే ముందు అది తీయండి. ఈ సమయంలో శాఖ మెయిల్‌లో దీని గురించి రాయకండి, దూరినవాడు అదే చదువుతుండవచ్చు. వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ సెట్‌లో "ఐటీ సెల్‌కి ఫోన్ చేయండి" అని మాత్రం అని, మిగతాది ఫోన్‌లో మాట్లాడండి.

మూడు గంటల్లోపు: శుభ్రమైన వేరే కంప్యూటర్ నుంచి అడ్మిన్ పాస్‌వర్డ్‌లు మార్చండి. రాష్ట్ర ప్రధాన కార్యాలయంలో సాంకేతిక విభాగానికి, ఎన్ఐసీ లైనైతే వాళ్లకి చెప్పండి. స్టేషన్లు చేతి రిజిస్టర్లకు మారాలి. ఖాళీ ఫారాలు ముందే అచ్చువేయించి పెట్టుకోవడం అందుకే.

ఆరు గంటల్లోపు: సెర్ట్-ఇన్‌కి రిపోర్టు వెళ్లాలి. టోల్ ఫ్రీ నంబరు 1800-11-4949. వివరాలన్నీ దొరికేదాకా ఆగొద్దు, తెలిసినంతే పంపి మిగతాది తర్వాత చేర్చండి. రిపోర్టు ఎవరు సంతకం చేయాలో ఇప్పుడే ఖాయం చేసుకోండి. రాత్రి రెండింటికి "సారుని లేపాలా వద్దా" అన్న టెన్షన్‌లో మూడు గంటలు పోతాయి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు: ఉత్సాహంగల కానిస్టేబుల్ ఒకడు వెంటనే ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ వేసి, "అయిపోయింది సార్" అంటాడు. సాక్ష్యం పోయింది, దూరిన దారి తెలియలేదు, వారంలో మళ్లీ వస్తుంది. ఇది కూడా ఒక నేరస్థలమే. ముందు డిస్క్ నకలు తీసి హ్యాష్ రాసుకుని, ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద కేసు కట్టించాకే శుభ్రం చేయాలి. అడిగిన డబ్బు గురించి బేరం మాట్లాడటం మీ పని కాదు.

11. మీ బదిలీ ఫైలు ఇవాళే తెరవండి

మీరూ రెండేళ్లకి కదులుతారు. చార్జ్ తీసుకున్న రోజే ఒక ఫైలు తెరిచి, వచ్చేవారికి ఇవ్వాల్సినవి అందులో వేస్తూ పోండి:

☐ సంతకాలున్న వస్తువుల జాబితా, రూటర్లు ఎక్కడున్నాయో చూపే పటం
☐ లాగిన్ల రిజిస్టర్, నో డ్యూస్ కాగితాలు
☐ వెండర్ల ఒప్పందాలు, గడువులు
☐ సరిచేయలేకపోయిన లోపాలు, వాటిపై రాసిన లేఖల నకళ్లు
☐ అడ్మిన్ పాస్‌వర్డ్‌ల సీల్డ్ కవరు, ఎస్పీ గారి సేఫ్‌లో

రిలీవయ్యే రోజు ఆ కవరు కొత్తవారి ఎదుట తెరిచి, ప్రతి పాస్‌వర్డునూ వారి చేతనే మార్పించండి. తర్వాత మీ పాత లాగిన్‌తో ఒకసారి ప్రయత్నించి, తెరుచుకోలేదని చూసుకుని, నో డ్యూస్ మీద వారి సంతకం తీసుకోండి.